నల్లపొడి పూసిన జడ

ఆ రోజు మధ్యాహ్నం మా పార్లర్ మెట్లెక్కి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నడిచినామె పెళ్ళికొడుకు అక్క. ఆమె వెనక పెళ్ళికూతురు. అందరికంటే వెనక, మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటూ పెళ్ళికూతురి తల్లి. పెళ్ళికి ఇంకా నాలుగు రోజులుంది. కర్నూలులో ఏప్రిల్ ఎండ సంగతి చెప్పేదేముంది, మెట్ల పక్క ఇనుప కమ్మీ మీద చెయ్యి వేస్తే చుర్రుమంటుంది.

పెళ్ళికొడుకు అక్క నాకు ముందే తెలుసు. పెళ్ళయి బెంగళూరులో ఉంటుంది. పుట్టింటికి వచ్చినప్పుడల్లా నా దగ్గరికే వచ్చేది. ఆమె జుట్టులో తేనెరంగు పాయలు సన్నగా, అక్కడక్కడా ఎండ పడ్డట్టు ఉంటాయి. వాళ్ళది భూములున్న ఇల్లు, ట్రాక్టర్ల షోరూము ఉంది, ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు. ఆమె ఒక్కసారి బాగుందంటే నాకు పదిమంది కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు. బాగాలేదంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పార్లర్ పెట్టి అప్పటికి రెండేళ్ళు నిండలేదు.

"ఇదో, మా తమ్ముడు చేసుకోబోయే పాప," అందామె, పెళ్ళికూతుర్ని భుజాలు పట్టి కుర్చీలో కూర్చోబెడుతూ. "నా జుట్టు మాదిరే చేయల్ల ఈ పాపకు. రిసెప్షన్ నాటికి లైట్ల కింద మెరవల్ల. ఇది నేనిచ్చే కానుక."

పెళ్ళికూతురు నవ్వింది. ఎర్రగుంట్ల పిల్ల. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు తిప్పుతాడు. ఆమెకు గ్రామ సచివాలయంలో ఉద్యోగం. జడ నడుము దాటి ఉంది, నల్లగా, బరువుగా.

నేను జడ విప్పి దువ్వెన పెట్టాను. రెండుసార్లు దువ్వేసరికే నా చెయ్యి నెమ్మదించింది. మామూలు నల్లజుట్టు వెలుతురు పడితే కొంచెం గోధుమరంగు చూపిస్తుంది. ఈ జుట్టు వెలుతురును మింగేస్తోంది. కొంచెం నీలం కలిసిన నలుపు, వేళ్ళకు గరుకుగా, పైన పూత పూసినట్టు. పాపిట పొడవునా చర్మానికి కూడా మసకగా మరక ఉంది. చెవి వెనక పాయ ఎత్తాను. కుదుళ్ళ దగ్గర తెల్లగా మెరిసింది. ఒక వెంట్రుకా రెండా కాదు. ఎత్తిన చోటల్లా తెలుపే.

అద్దంలోకి చూశాను. పెళ్ళికూతురు నన్నే చూస్తోంది. ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, కప్పిన గుడ్డ కింద నుంచి ఆమె చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

ఎత్తిన పాయను మెల్లగా కిందికి వదిలాను.

"ఇంతకుముందు ఏమన్నా పూసినారా జుట్టుకు?" అని అడిగాను. అది ఎవరినైనా అడిగే ప్రశ్నే.

"ఏమీ ల్యామ్మా," అంది తల్లి, నా మాట పూర్తి కాకముందే. "గోరింటాకు ఒకటే. అది గూడా చలవకని, ఎప్పుడన్నా."

"గోరింటాకుదేముందిలే," అంది పెళ్ళికొడుకు అక్క సోఫాలో కూర్చుని ఫోన్ తీస్తూ. "నేనూ పెట్టుకుంటాంటి. మొదలుపెట్టు."

జుట్టును లేతరంగుకు తేవడమంటే చాలామంది రంగు పూయడమనుకుంటారు. కాదు. లోపల ఉన్న నలుపును తీసేయడం. రంగు తీసే పౌడరూ, దాన్ని పనిచేయించే డెవలపర్ ద్రవమూ కలిపిన ముద్దను సన్నటి పాయలకు పట్టించి, వెండికాగితంలా ఉండే ఫాయిల్‌లో మడిచి పెడతాం. నలుపు ముందు ఎర్రబడుతుంది, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. ఎక్కడ ఆపాలో కనిపెట్టి కడిగేసి, కావలసిన ఛాయ కోసం టోనర్ వేస్తాం. మామూలు జుట్టుకైతే భయం లేదు. అంగట్లో దొరికే కొన్ని నల్లపొడుల్లో మాత్రం గోరింటాకు పేరు ఒకటే ఉంటుంది, లోపల లోహపు ఉప్పులు కలిసి ఉంటాయి. ఏళ్ళ తరబడి అవి జుట్టుకు పట్టి ఉన్నప్పుడు దాని మీద ఈ ముద్ద పెడితే మండుతుంది.

బెంగళూరులో ఈ పని నేర్చుకునే రోజుల్లో నా కళ్ళతో చూశాను. పక్క కుర్చీలో ఒకామె ఫాయిల్ వేడెక్కుతోందని చెప్పింది. వేసినామె విప్పబోతే పాయ పాయంతా ఫాయిల్‌తో పాటు చేతిలోకి వచ్చేసింది. ఆ మనిషి మొదట నవ్వింది, ఏం జరిగిందో తెలియక. తర్వాత తల తడుముకుంది. ఆ అరుపు నాకు చాలా రోజులు వినిపించింది.

ఇప్పుడు నా చేతుల కింద ఉన్న తల నాలుగు రోజుల్లో పెళ్ళి పీటల మీద కూర్చోవాల్సిన తల.

"మేడం, ఇట్లాంటి పనికి ముందు రెండు రోజులు ఆగి చూడల్ల, చర్మానికి పడుతుందో లేదో," అన్నాను.

"నాకు ఎప్పుడన్నా ఆపినావా నువ్వు?"

"మీకు ముందు నుంచీ అలవాటు. ఆ టోనర్ గూడా ఇప్పుడు నా దగ్గర లేదు."

"యాడ దొరుకుతాదో చెప్పు. మా డ్రైవర్ హైదరాబాదులో ఉండాడు ఇయ్యాల. సాయంత్రానికి తెస్తాడు." ఆమె ఫోన్ లోంచి తలెత్తింది. "ఏమైంది నీకు? ఎప్పుడూ ఇట్లా సాకులు చెప్పవు కదా?"

కోపంగా అనలేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది. దానికే నాకు ఇంకా భయమేసింది. నేను కాదంటే పక్క వీధిలో మరో పార్లర్ ఉంది. అక్కడ ఏమీ అడగకుండా ముద్ద పట్టిస్తారు.

"ముందు తల కడుగుతా," అన్నాను. "నూనె ఉండాది."

తల కడిగే బేసిన్ లోపలి గదిలో, తెర వెనక ఉంటుంది. పెళ్ళికూతుర్ని వెనక్కి వాల్చి కుళాయి పూర్తిగా తిప్పాను. నీళ్ళ చప్పుడు లేకపోతే లోపలి మాట బయటికి వినిపిస్తుంది. తల మీద పడ్డ నీళ్ళు బొగ్గు కడిగినట్టు నల్లగా కిందికి పోయాయి. ఆ పొడి పూసి వారం కూడా అయ్యుండదు.

"ఎన్నేండ్ల నుంచి పూస్తాండావు?" అని ఆమె చెవి దగ్గర వంగి అడిగాను.

"ఇంటర్ నుంచి," అంది కళ్ళు మూసుకునే. "పదిహేడేండ్లకే వచ్చిందక్కా తెలుపు. డిగ్రీ అయ్యేసరికి సగం తల. వారం వారం అమ్మే పూస్తాది. పెళ్ళిచూపుల పొద్దు తెల్లారుజామున లేపి పూసింది."

"ఆయనకు తెల్సా?"

తల అడ్డంగా ఊపింది. నీళ్ళు ఆమె చెవిలోకి పోయాయి. తుడిచాను.

"మరి హైలైట్స్‌కు ఎట్ల ఒప్పుకుంటివి?"

"తేనెరంగు పాయలు ఉంటే తెల్లవి వాటిల్లో కలిసిపోతాయని ఫోన్లో చూసినా. అప్పుడు ఇంక నల్లపొడి పన్లేదు గదా. వారం వారం కుదుళ్ళు చూసుకునే పన్లేదు." కళ్ళు తెరిచింది. "ఏమైనా కానీ, పెట్టేయక్కా. నాకు ఇష్టమే."

"పెడితే జుట్టు ఊడి చేతికొస్తాదమ్మా."

ఆమెకు ఆ మాట తెలియదు. ఎవరూ చెప్పలేదు. రెప్ప వేయకుండా పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో తెర కదిలింది. తల్లి లోపలికి వచ్చింది. బేసిన్‌లోని నల్లటి నీళ్ళు చూసింది, నన్ను చూసింది. ఆమెకు నేను చెప్పాల్సింది ఏమీ మిగలలేదు. చేతులు జోడించింది. నా కంటే ఎంతో పెద్దది.

"ఆమెకు తెలీనియొద్దు తల్లీ. ఈ నాలుగు రోజులు దాటనీ. నా బిడ్డ బతుకు నీ చేతుల్లో ఉండాది."

"ఏమాయె? ఇంకా కడుగుతానే ఉండారా?" అని బయటి నుంచి పెళ్ళికొడుకు అక్క గొంతు వినిపించింది. సోఫా కిర్రుమన్న చప్పుడు. లేచినట్టుంది.

"అయిపాయ మేడం, వస్తాండాం," అని అరిచి, బేసిన్‌లోకి ఇంకో చెంబు నీళ్ళు పోశాను.

నా దగ్గరికి వచ్చేవాళ్ళ తలల్లో ఏముందో బయట చెప్పే అలవాటు నాకు లేదు. ఈ పనిలో అది మొదటి మర్యాద. కానీ అబద్ధం చెప్పి పంపితే ఆ పిల్ల జుట్టు ఇంకొకరి చేతుల్లో కాలుతుంది. నేనే పెడితే నా చేతుల్లో కాలుతుంది. ఏం చేయాలో తోచక కుళాయి దగ్గర అలాగే నిలబడ్డాను. చివరికి పెళ్ళికూతురినే అడిగాను.

"కింది జుట్టులో చిన్న పాయ కత్తిరించి, ముద్దలో వేసి చూపిస్తా. మామూలుగా చేసే పరీక్షే ఇది. నేను నోటితో ఏమీ చెప్పను. కానీ ఆమెకు అనుమానం వస్తే రావచ్చు. నువ్వు సరేనంటేనే చేస్తా."

"వద్దు," అంది తల్లి.

"చేయక్కా," అంది పెళ్ళికూతురు.

బయటికి వచ్చి, మెడ దగ్గర అడుగున, కనబడని చోట నుంచి వేలెడు పాయ కత్తిరించాను. గాజు గిన్నెలో పౌడరూ డెవలపరూ కలిపి అందులో ముంచి బల్ల మీద పెట్టాను. మామూలుగా దీనికి అరగంట పడుతుంది. నేను దువ్వెనలు సర్దుతున్నట్టు నటిస్తూ గిన్నె వైపే చూస్తున్నాను. పెళ్ళికొడుకు అక్క ఫోన్ పక్కన పెట్టి వచ్చి నా పక్కన నిలబడింది. తల్లి తలుపు దగ్గర గోడకు ఆనుకుని కూర్చుంది. 

ముందు ముద్ద అంచుల్లో చిన్న బుడగలు లేచాయి. తర్వాత వాసన, గుడ్డు మురిగినట్టు, అందులో ఇనుము కాలినట్టు. గిన్నె పైన సన్నగా ఆవిరి కనిపించింది.

"ఇదేంది?" అంటూ పెళ్ళికొడుకు అక్క గిన్నె చేతిలోకి తీసుకుంది. వెంటనే "అబ్బా!" అని బల్ల మీద పడేసింది. వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంది. ముద్ద చిమ్మి అద్దం మీద పడింది. నేను గుడ్డతో తుడుస్తుంటే, ఆమె దువ్వెన చివరతో పాయను పైకి ఎత్తింది. అది జుట్టులా లేదు. నానిన రబ్బరులా సాగి, మధ్యలో తెగి, సగం కింద పడింది. పచ్చటి రంగు తిరిగింది.

చాలాసేపు ఆమె ఆ ముక్కనే చూసింది. తెలివైన మనిషి. బెంగళూరులో ఏళ్ళుగా తల చూపించుకుంటున్నది, నాకంటే ఎక్కువ పార్లర్లు చూసింది.

"ఇది గోరింటాకు కాదు," అంది. పెళ్ళికూతురి వైపు తిరిగింది. "ఏం పూస్తాండావు? ఎందుకు?"

"పాపకు తలనొప్పిమ్మా, చిన్నప్పటి నుంచి, అందుకే డాక్టరు..." అని తల్లి లేవబోయింది.

"అమ్మా, నువ్వు గమ్మునుండు." పెళ్ళికూతురి మాట తడబడలేదు. కుర్చీలోంచి లేవలేదు. బల్ల మీది సన్నతోక దువ్వెన తీసుకుంది. తల వంచి, తడి జుట్టులో చెవి పైనుంచి నడినెత్తి దాకా గీత గీసినట్టు పాపిట తీసి, రెండు చేతులతో రెండు వైపులా విడదీసి పట్టుకుంది.

"చూడొదినా."

తల కడిగిన నీళ్ళతో పైపూత కొంత పోయింది. కుదుళ్ళ దగ్గర తెలుపు వరసగా కనిపించింది.

అప్పుడే కరెంటు పోయింది. ఏసీ ఆగింది. అంతసేపూ ఆ చప్పుడు వెనక దాక్కున్నట్టున్నాం, అది ఆగేసరికి గదిలో నలుగురి ఊపిరీ వినబడింది.

"మా తమ్మునికి తెల్సా?"

"తెలీదు."

"ఎవరికన్నా తెల్సా మా ఇంట్లో?"

"లేదు."

తల్లి వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చోబోయింది. పెళ్ళికొడుకు అక్క రెండడుగులు వెనక్కి వేసి, "అట్ల చేయొద్దండీ, లేయండి," అంది కటువుగా. కిటికీ దగ్గరికి పోయి బయటికి చూస్తూ నిలబడింది. కాలిన వేళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని ఉంది. చల్లటి నీళ్ళు తెచ్చిచ్చాను. తీసుకుంది గానీ నా వైపు చూడలేదు.

"తెలుపు వచ్చిందని కాదు," అంది చివరికి, కిటికీ వైపే తిరిగి. "మా మేనత్తకూ అంతే, ఇరవైకే వచ్చింది. చెప్పకుండా ఉండారు చూడు, అది. ఇప్పుడు నేను ఈ సంగతి కడుపులో పెట్టుకుని ఇంటికి ఎట్ల పోయేది? వానితో కూర్చుని అన్నం ఎట్ల తినేది?" తర్వాత పెళ్ళికూతురి వైపు తిరిగింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే చెప్తా."

పెళ్ళికూతురు ఫోన్ తీసి పెళ్ళికొడుకుకు చేసింది. "ఒకసారి పార్లర్ దగ్గరికి రా. ఇప్పుడే. లేదు, ఎవరికీ ఏం కాల్యా. నువ్వు రా," అంది. అంతే.

అతను రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆ మధ్యలో కనుబొమల కోసం వచ్చిన ఇద్దరిని కరెంటు లేదని చెప్పి తలుపు దగ్గర నుంచే పంపించేశాను. మిగిలిన ముద్ద కడిగేశాను. గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది. తల్లి గోడ వైపు తిరిగి కళ్ళొత్తుకుంటోంది. పెళ్ళికూతురు మాత్రం అద్దం ముందు కదలకుండా కూర్చుంది. తడి జుట్టు నుంచి నీళ్ళు గుడ్డ మీద పడి నల్లటి చుక్కలవుతున్నాయి. తువ్వాలు చుట్టబోతే నా చెయ్యి పట్టుకుని "అక్కా, నాకు మాట వస్తాదా?" అని అడిగింది. వస్తుందన్నాను. నాకు నమ్మకం లేదు. పెద్దింటివాళ్ళ పెళ్ళి నా పార్లర్‌లో ఆగిపోతే, ఆ కారణం ఏదైనా, ఊళ్ళో చెప్పుకునేది నా పార్లర్ పేరే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్ల గురించి ఎంత భయపడ్డానో నా గురించీ అంతే భయపడ్డాను. లోలోపల ప్రభువును తలుచుకున్నాను.

కింద బైకు ఆగింది. మాది ఆడవాళ్ళ పార్లర్, మగవాళ్ళు లోపలికి రారు. అతను పై మెట్టు దగ్గర ఆగి తలుపు తట్టాడు. పెళ్ళికూతురు తువ్వాలుతో బయటికి వెళ్ళింది. తలుపు పూర్తిగా పడలేదు. వినకూడదనుకున్నా వినబడుతుంది.

"ఏమైంది? ముఖం ఏంది అట్లుండాది?"

ఆమె తువ్వాలు తీసినట్టుంది.

"నా జుట్టు సగం తెల్లగ ఉండాది," అంది. "చిన్నప్పట్నుంచీ. నువ్వు చూసేది నల్లపొడి. మీ అక్క ఇప్పుడే చూసింది. నేను చెప్పకముందు ఆమె చెప్పకూడదని పిలిచినా."

 కింద రోడ్డు మీద ఆటో ఒకటి పోయింది.

"రోజూ గంటలు గంటలు మాట్లాడతాంటివి," అన్నాడతను. గొంతు పెంచలేదు. "మీ సచివాలయంలో ఎవరు ఏం తిన్నారో గూడా చెప్తాంటివి. ఈ ఒక్క మాటకు నోరు రాల్యా?"

"వచ్చింది. శానాసార్లు వచ్చింది. మొదటి రోజే నా జడ బాగుందంటివి చూడు, ఆన్నుంచీ రాల్యా."

 ఆ తర్వాత మెట్లు దిగుతున్న అడుగుల చప్పుడు. బైకు స్టార్టయింది.

తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. పెళ్ళికొడుకు అక్క ఒక్క అంగలో కిటికీ దగ్గరికి పోయి కిందికి చూసింది. "పోతాండాడు," అంది. ఆమె గొంతులో కూడా గెలిచిన ధ్వని ఏమీ లేదు, భయమే ఉంది. పెళ్ళికూతురు లోపలికి వచ్చి తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఏడవలేదు. "చెప్పినా," అంది, ఎవరితోనో తెలియకుండా.

కరెంటు వచ్చింది. ఏసీ మొదలైంది. ఏం చేయాలో తెలియక తువ్వాలు తీసుకుని ఆమె జుట్టు తుడవడం మొదలుపెట్టాను. చెయ్యి తెలిసిన పని చేసుకుపోతుంది. పూర్తిగా ఆరేంతసేపూ ఎవరూ ఇంటికి పోదామనలేదు. ఏ ఇంటికి, ఏ ముఖంతో పోవాలో వాళ్ళకే తెలియదు మరి.

మళ్ళీ తలుపు తట్టారు. అతనే. ఈసారి తలుపు తీసి పట్టుకుని గడప అవతలే నిలబడ్డాడు. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. ఎండలో తిరిగినట్టున్నాడు. కాబోయే భార్య వైపు చూడలేదు. ఆమె తల్లిని చూశాడు.

"అత్తా, ఇంకేమన్నా ఉండాయా, నాకు చెప్పాల్సినవి?"

"లేవు నాయనా. దేవునిమీద ఒట్టు, ఇంకేమీ లేవు."

"ఒట్లు వద్దులే." చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. "పెళ్ళి ఆగదు. మా నాయనకు నేను చెప్పుకుంటా. మీరెవరూ మాట్లాడొద్దు." అక్క వైపు తిరిగి, "పోదాం పా," అన్నాడు. పెళ్ళికూతురితో ఒక్క మాట మాట్లాడకుండానే దిగిపోయాడు.

పెళ్ళికొడుకు అక్క బ్యాగు తీసుకుని గుమ్మం దాకా పోయి ఆగింది. "దీని తలకు ఇప్పుడు ఏం చేయల్ల?" అని నన్ను అడిగింది.

ఏమీ చేయకూడదని చెప్పాను. ఆ పొడి ఇక పూయకూడదు. వచ్చిన తెలుపును రానివ్వాలి. పాత నలుపును కొంచెం కొంచెం కత్తిరిస్తూ పోవాలి. అది పూర్తిగా పోయాకే హైలైట్స్ మాట. పెళ్ళికి మటుకు పూలు ఉంటాయి, పాపిటబిళ్ళ ఉంటుంది, కనబడదు.

"కనబడితే కనబడనీ," అని ఆమె వెళ్ళిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో ఆ రోజు నాకు తెలియలేదు.

పెళ్ళికి జడ వేయడానికి నన్నే పిలిచారు. పోవాలంటే కాళ్ళు రాలేదు గానీ పోయాను. తల్లి ఒక పక్కకు పిలిచి చేతిలో చిన్న పొట్లం పెట్టింది, కుదుళ్ళ దగ్గర రొంత అద్దమని. పెళ్ళికూతురు అద్దంలోంచి చూసి, "అమ్మా, అది పారేయ్," అంది. తల్లి పారేయలేదు, పట్టుకుని బయటికి పోయింది. మల్లెలు, కనకాంబరాలు వీలైనంత దట్టంగా పెట్టాను. పాపిట దగ్గర మాత్రం ఏం చేసినా వేలెడు మేర కనబడుతూనే ఉంది.

తలంబ్రాల తర్వాత పెళ్ళికొడుకు తరపు పెద్దామె ఒకరు పెళ్ళికూతురి తల మీది బియ్యం దులుపుతూ ఆగిపోయింది. వంగి చూసింది. "ఏమే, ఈ పిల్లకు అప్పుడే తలంతా..." అని గొంతు పెంచింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగారు. పందిట్లో మేళం కూడా అప్పుడే ఆగి ఉంది. నేను స్తంభం పక్కన దువ్వెనల సంచి పట్టుకుని నిలబడ్డాను.

"మా ఇంట్లో అందరికీ తెల్సులే పెద్దమ్మా," అంది పెళ్ళికొడుకు అక్క, అవతలి నుంచి గట్టిగా, అందరికీ వినబడేట్టు. "నువ్వు బియ్యం దులుపు."

పెద్దామె దులిపింది. పెళ్ళికొడుకు తల ఎత్తలేదు.

పెళ్ళయ్యాక పెళ్ళికూతురి ఉద్యోగం కర్నూలు పక్కనే ఒక పల్లె సచివాలయానికి మారింది. రెండు నెలలకోసారి నా దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా నాలుగు వేళ్ళ మేర కత్తిరించేదాన్ని. నడుము దాటిన జడ వీపుకు, వీపు నుంచి భుజాలకు వచ్చింది. పైన తెలుపూ సొంత నలుపూ కలిసి, కింద ఆ మసి నలుపుతో, చూడ్డానికి అతుకు వేసిన గుడ్డలా ఉండేది. పనికి పోయిన చోట ఎవరో ఒకరు ఏదో ఒకటి అనేవాళ్ళట. ఆమె చున్నీ కప్పుకునేది కాదు.

భర్త సంగతి ఒకసారి తనే చెప్పింది. "తిట్టల్యా అక్కా, ఒక్క మాట గూడా అనల్యా. కానీ ప్రతిదీ రెండుసార్లు అడుగుతాడు. అన్నం తింటివా అంటాడు, తింటి అంటే, నిజంగానా అంటాడు. ఆ నిజంగానా అనేది ఎప్పుడు పోతాదో." నేను కత్తెర ఆపి విన్నాను. దానికి నా దగ్గర మందు లేదు. తర్వాత రెండు మూడుసార్లు వచ్చినప్పుడు ఆ మాట ఎత్తలేదు. అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు.

మరుసటి ఏడాది చలికాలంలో చివరి నల్లపొడి ముక్క కత్తిరించాను. అప్పటికి జుట్టు గడ్డం దాకా వచ్చేది. అంతా ఆమె సొంత జుట్టే, సగం తెలుపు, సగం నలుపు. పరీక్ష పాయ చూసుకున్నాకే పని మొదలుపెట్టాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాటింది. తెల్లవెంట్రుకల జోలికి పోలేదు. వాటి మధ్యనున్న నలుపులోంచే దారమంత సన్నటి పాయలు దువ్వెన తోకతో ఏరి, తక్కువ బలమున్న డెవలపర్‌తో, తొందర లేకుండా ఫాయిళ్ళలో మడిచాను. ప్రతి ఫాయిలూ మళ్ళీ మళ్ళీ విప్పి చూశాను. వేలితో తాకి వేడి ఉందేమో చూశాను. లేదని తెలిసినా చూశాను. ఆమె కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో బిగించి కూర్చుంది. ఎరుపు దాటి, నారింజ దాటి, పండిన అరటితొక్క రంగు రాగానే కడిగి, పొగరంగు కలిసిన లేత గోధుమ టోనర్ వేశాను.

ఆరాక దువ్వాను. తెలుపెక్కడ ఆగిందో, నేను వేసింది ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. ఆమె అద్దానికి దగ్గరగా వంగి, పాపిట అటూ ఇటూ మార్చి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

భర్త కింద బైకు మీద ఉన్నాడు. నేను తెరిచిన కిటికీ లోంచి చూస్తున్నాను, మాటలు పైకి వినిపిస్తున్నాయి. ఆమె దిగి వెళ్ళి అతని ముందు నిలబడింది. అతను తల వంచి ఆమె జుట్టును చూశాడు, ఒక పాయ వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఇందులో ఏది నీది, ఏది ఆమె వేసింది?"

"నువ్వే చెప్పు."

అతను ఒక పాయ చూపించాడు. ఆమె కాదంది. ఇంకోటి చూపించాడు. అదీ కాదంది. ఈసారి అతను నిజంగానా అని అడగలేదు. నవ్వి బైకు స్టార్ట్ చేశాడు. ఆమె వెనక కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

వాళ్ళు పోయాక బల్ల మీద వాడిన ఫాయిళ్ళు పోగుచేస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆమె తల్లి. ఎర్రగుంట్ల నుంచి కూతుర్ని చూడడానికి వచ్చి, నేరుగా ఇక్కడికే దిగిందట. గుమ్మంలో నిలబడి, "యాడ, పోయిందా పాప?" అంది. ఇప్పుడే పోయారని చెప్పాను. ఆమె లోపలికి వచ్చి, కూతురు కూర్చున్న కుర్చీని చూసి, ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చుంది.

"ఎట్లుండాది?" అని అడిగింది.

"బాగుంది పెద్దమ్మా. పోయి చూడండి."

"పోతా," అంది గానీ లేవలేదు. మంచినీళ్ళు ఇస్తే తాగింది, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"నేను పూసినన్నేండ్లూ అది ఒక్కసారి గూడా వద్దనల్యా," అంది. "తల వంచుకుని కూర్చుంటాండె."

గ్లాసు బల్ల మీద పెట్టి, కొంగు సర్దుకుని, కూతురి ఇంటికి పోయే ఆటో ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కిందికి వచ్చి నేనే ఎక్కించాను.